కోడిగుడ్ల వ్యానూ, భార సిబ్బందీ

మా ఆఫీసు ప్రహరీగోడకు శిలాఫలకాలు తాపడానికి జానెడు చోటు కూడా మిగల్లేదు. గోడ కట్టినందుకు ఒకటి, గోడకు సున్నం వేసినందుకు ఒకటి, బోరింగుకు ఒకటి, ఆ బోరింగు పాడైతే బాగు చేయించినందుకు ఇంకొకటి. అందుచేత గేటు ముందు స్పీడ్ బ్రేకర్ కట్టినప్పుడు, దాన్ని ప్రారంభించడానికి వచ్చిన పెద్దమనిషి పేరు చెక్కిన నల్లరాతి ఫలకాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక, కాంట్రాక్టరు దాన్ని తీసుకెళ్ళి స్పీడ్ బ్రేకర్ నెత్తిమీదే పరిచేశాడు. పరిచినవాడు ఊరుకోక, పేరు దూరం నుంచి కూడా కనబడాలని కింద ఇంకాస్త సిమెంటు వేసి ఎత్తు లేపాడు.

మాది నీలాలపాడు శిశు పోషణ ప్రాజెక్టు కార్యాలయం. పేరు పెద్దదే గాని పని ఒక్కటే, చుట్టుపక్కల అంగన్‌వాడీ కేంద్రాలకు రోజూ పొద్దున్నే కోడిగుడ్లు పంపడం. అందుకు ఒక మినీ వ్యాన్ ఉంది, దాన్ని నడపడానికి నూకరాజనే డ్రైవరు ఉన్నాడు, వ్యాన్ బయల్దేరిందని రాసుకోవడానికి ఒక గదినిండా మేం ఉన్నాం. నేను సీనియర్ అసిస్టెంటుని, పేరు కామేశం. ఉత్తర్వులకు చిత్తుప్రతి రాయడం నా పని.

ఫలకం పరిచిన మర్నాడు వ్యాన్ గేటు దాటుతుంటే కిందనుంచి కర్రుమని చప్పుడొచ్చింది. వ్యాన్ పొట్ట ఫలకానికి రాసుకుంటోంది. రోజూ పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి రాసుకుని, కొన్నాళ్ళకి పెద్దమనిషి పేరుకు ముందున్న గౌరవమంతా అరిగిపోయి ఉత్త పేరు మిగిలింది. ఇంకొన్నాళ్ళు పోతే ఆ పేరుకు కూడా ఎసరొచ్చేలా ఉంది.

మా ప్రాజెక్టు అధికారి ధర్మాంగదరావు గారు వెంటనే సమావేశం పెట్టారు. ఆయన నిదానస్తుడు. మాట్లాడితే గెజిట్ చదువుతున్నట్టుంటుంది.

"స్పీడ్ బ్రేకర్ ఎత్తు కాస్త చెక్కించేస్తే సరిపోతుందేమో సార్" అన్నాన్నేను.

"కామేశం గారూ, ఫలకం ఉన్న కట్టడాన్ని ముట్టుకోవాలంటే ఫలకం మీద పేరున్నవారి సమ్మతి తీసుకోవాలి. సమ్మతి కోరాలంటే వారి పేరు అరిగిపోయిందన్న సంగతి వారికి విన్నవించాలి. మీరు విన్నవిస్తారా?"

నేను విన్నవించనన్నాను.

"ఇక వ్యాన్ సంగతి. వ్యాన్‌కు ఫలకం లేదు. కనుక లేవవలసింది వ్యానే."

అలా మా వ్యాన్ లేచింది. మెకానిక్ బాజీ వచ్చి వెనక స్ప్రింగుల కింద రెండు, ముందు స్ప్రింగుల కింద రెండు దిమ్మలు దూర్చి, రెండంగుళాలు ఎత్తు లేపాడు. లేపుతూనే చెప్పాడు కూడా.

"ఎనక షాకబ్జార్బర్లు పొట్టివైపోతాయండి ఇప్పుడు. బండి లేచింది గాని షాకు లెగదు కదండీ, ఉన్నకాడికి సాగిపోయి బిగుసుకుపోద్ది. చక్రం గోతిలో దిగినప్పుడల్లా ధడేల్‌మంటదండి. పొడుగు షాకులు ఏయించెయ్యండి, గొడవొదిలిపోద్ది."

ఇందులో ఎవరికీ తెలియని రహస్యం ఏమీ లేదు. నూకరాజుకు తెలుసు, నాకు తెలుసు, గేటు దగ్గర టీకొట్టు వాడికి తెలుసు. ధర్మాంగదరావు గారికి అందరికంటే ముందే తెలుసు. ఆయన కుర్రతనంలో మోటారుసైకిలు పూర్తిగా విప్పి మళ్ళీ బిగించిన మనిషి.

"పొడుగు షాకులు వేస్తే సమస్య తీరుతుందని నాకూ తెలుసు" అన్నారాయన. "కానీ పాతదాని స్థానంలో అలాంటిదే కొత్తది వేస్తే అది మరమ్మతు. పాతదాని కంటే పొడుగైనది వేస్తే అది అభివృద్ధి. ఈ కార్యాలయానికి మరమ్మతు చేసే అధికారం మాత్రమే ఉంది. అభివృద్ధి జిల్లా స్థాయిలో జరగాలి."

జిల్లాకు రాశాం. జిల్లావారు, అసలు షాకులు ఎందుకు పొట్టి అయ్యాయో వివరించమన్నారు. వ్యాన్ లేచిందని రాశాం. వ్యాన్ ఎందుకు లేచిందో వివరించమన్నారు. అది వివరించాలంటే ఫలకం దగ్గరికి రావాలి. అక్కడ ఆగిపోయాం.

ఈలోగా గుడ్లు పగులుతున్నాయి. వ్యాన్ ఎత్తు మీదెక్కితే బాగానే ఉండేది. దిగేటప్పుడే, వెనకనుంచి ఎవరో సుత్తితో మోదినట్టు ధడ్‌మని కొట్టి, గుడ్ల అట్టలన్నీ ఎగిరిపడేవి. మా దారిలో ఆఖరు కేంద్రం పాలమెరక. కాలవకు అవతలి గట్టున ఉంటుంది. నడిచే వంతెన మీదుగా వెళితే ఆఫీసుకు కూతవేటు దూరమే గాని, వ్యాన్ మాత్రం లాకుల దగ్గరున్న పెద్ద వంతెన చుట్టి రావాలి. దారిలో ఉన్న గోతులన్నీ దాటాకే అక్కడికి చేరుతుంది గనక అందరికంటే ఎక్కువ చితుకు ఆ కేంద్రానిదే.

అక్కడి టీచరు రత్నమేరి నాకు ఫోను చేసింది.

"కామేశంగారండీ, ఇయ్యాల తమరు గుడ్లు పంపారా, పులుసు పంపారా?"

"ఎన్ని బాగున్నాయమ్మా?"

"సగానికి సగం పోయాయండి. ఉన్నయ్యే ఉడకబెట్టి, దారంతో సగానికి కోసి పెడతన్నాను. సగం గుడ్డు చేతిలో పెడితే మా పిల్లలు మిగతా సగం ఏదని నా చెయ్యెనక్కి చూత్తన్నారండి. పొద్దున్నే అదొక్కటే కదండీ ఆళ్ళకి గట్టి తిండి."

ఆ మాటకు నాకు నిజంగా బాధేసింది. రత్నమేరి కేంద్రంలో పిల్లలంతా రొయ్యల చెరువుల మీద పనికిపోయే వాళ్ళ పిల్లలు. అమ్మానాన్నలు తెల్లారకుండా వెళితే మళ్ళీ చీకటిపడ్డాకే రావడం. ఆ గుడ్డు వాళ్ళకి అలంకారం కాదు. నేను ఆ సంగతి ధర్మాంగదరావు గారికి చెప్పాను. ఆయన కూడా బాధపడ్డారు. బాధపడి, సాంకేతిక సంఘాన్ని పిలిపించారు.

సంఘంవారు ముగ్గురు వచ్చారు. కొబ్బరిబొండాలు తాగారు. ఒకాయన వ్యాన్ కిందకి వంగి చూశాడు, మిగతా ఇద్దరూ ఆయన వంగడాన్ని చూశారు. ముందు, మరమ్మతు అధికారం ఉంది కదా అని, పాత షాకులు తీసి అదే పొడుగువి కొత్తవి వేయించారు. వ్యాన్ అలాగే ధడ్‌మంది.

"కొత్త షాకులు కదండీ, సప్పుడు కూడా కొత్తగా ఉందండి" అన్నాడు నూకరాజు.

అప్పుడు సంఘం తన తీర్మానం ప్రకటించింది. లోపం షాకులలో లేదు, వాహనం ఉండవలసిన దానికంటే ఎత్తుగా ఉండటమే లోపం. కనుక వాహనం వెనుక భాగాన్ని తగు బరువుతో అణచి ఉంచిన యెడల షాకులు తమ సహజ స్థితిని పొందును.

"మరి దిమ్మలు తీసేస్తే?" అన్నాను.

"దిమ్మలు మంజూరైనవి" అన్నారు ధర్మాంగదరావు గారు. "మంజూరైనదాన్ని తీసివేస్తే, అనవసరంగా మంజూరు చేశామని ఒప్పుకున్నట్టు. బరువు పెడితే అదనపు చర్య తీసుకున్నట్టు."

బరువు దేంతో పెట్టాలన్నది తేలడానికి కొంత కాలం పట్టింది. ఇసుక బస్తాలన్నాం. ఇసుక రవాణాకు పర్మిట్ కావాలి. రాళ్ళన్నాం. రాళ్ళు గనుల శాఖవారివి. బియ్యం బస్తాలన్నాం. బియ్యం బస్తా రోజూ ఊరంతా తిరిగి తిరిగి రావడాన్ని తనిఖీకి వచ్చినవాళ్ళు ఎలా అర్థం చేసుకుంటారో చెప్పలేం. ఆఖరికి ధర్మాంగదరావు గారు కళ్ళద్దాలు తీసి, గది నాలుగు మూలలా చూశారు. మా ఆఫీసులో ఏ అనుమతీ అక్కర్లేకుండా, పుష్కలంగా, ఏ పనిలోనూ లేకుండా ఉన్న బరువు ఏమిటో ఆయనకు కనబడింది.

ఉత్తర్వు నేనే రాశాను. దాని ప్రకారం అయిదుగురు ఉద్యోగులు భార సిబ్బందిగా నియమితులయ్యారు. బియ్యం గోదాములో కాటా మీద నిలబెట్టి తూచి, బరువును బట్టి హోదాలిచ్చారు. మా సూపరింటెండెంటు భద్రాచలం గారు కాటా ఎక్కితే ముల్లు చివరిదాకా పోయి ఆగింది. ఆయన ప్రధాన భారాధికారి. మిగతావాళ్ళం భార సహాయకులం. నేను కాస్త బక్కపల్చన కావడంతో ముందు ప్రొబేషన్ మీద తీసుకున్నారు.

వ్యాన్ వెనక బాజీ రెండు బల్లలు బిగించాడు. మేం అయిదుగురం ఎక్కి కూర్చోగానే వ్యాన్ వెనక భాగం ఒక్క నిట్టూర్పు విడిచి, తు.చ. తప్పకుండా రెండంగుళాలు దిగింది. ధడ్‌మనే చప్పుడు పోయింది. ధర్మాంగదరావు గారు బాజీతో కరచాలనం చేశారు. నూకరాజు బండి స్టార్టు చేశాడు. గేటు దాటుతుండగా కిందనుంచి కర్రుమంది.

అందరం దిగి చూశాం. పెద్దమనిషి ఇంటిపేరులో మొదటి అక్షరం పోయింది.

"అంటే ఇప్పుడు బండిని మళ్ళీ లేపాలాండీ?" అన్నాడు నూకరాజు.

ధర్మాంగదరావు గారు తొందరపడే మనిషి కాదు. గేటు దగ్గరే నిలబడి, అక్కడికక్కడే నాచేత అనుబంధ ఉత్తర్వు రాయించారు. 'భార సిబ్బంది స్పీడ్ బ్రేకర్ వద్ద వాహనము నుండి దిగవలెను. వాహనము భారరహితముగా ఫలకమును దాటవలెను.' మేం దిగాం. వ్యాన్ తేలిగ్గా దాటింది. అవతల మళ్ళీ ఎక్కాం. ఆనాటి నుంచి రోజూ పొద్దున్నే ఈ తతంగం చూడటానికి టీకొట్టు దగ్గర జనం చేరడం మొదలుపెట్టారు. భద్రాచలం గారు దిగి, ఫలకం పక్కనుంచి హుందాగా నడిచి, మళ్ళీ ఎక్కుతుంటే కొందరు నమస్కారం కూడా పెట్టేవారు.

బల్లలు పడ్డాక గుడ్ల అట్టలకు చోటు తగ్గింది. అట్టల్ని మా ఒళ్ళో పెట్టుకోవలసి వచ్చింది. ఇందులో ఒక మేలు జరిగిందని ఒప్పుకోవాలి. ఒళ్ళో ఉన్న గుడ్డు పగలదు. మనిషి ఒడిని మించిన షాక్ అబ్జార్బర్ ఇంకా తయారు కాలేదు. పగిలిన గుడ్లు సున్నా అని ధర్మాంగదరావు గారు జిల్లాకు రాశారు. ఒళ్ళో పట్టేవి తప్ప మిగతా గుడ్లు ఆఫీసులోనే ఉండిపోతున్నాయన్నది రాయలేదు, ఎందుకంటే వాళ్ళు అడగలేదు.

తర్వాత భార సిబ్బంది సంక్షేమం చర్చకొచ్చింది. రోజూ ఎక్కడం దిగడం వల్ల భద్రాచలం గారి బరువు తగ్గుతోందని కాటా చెప్పింది. ప్రధాన భారాధికారే తగ్గిపోతే వ్యాన్ లేస్తుంది, వ్యాన్ లేస్తే షాకులు బిగుస్తాయి, ధడ్‌మంటుంది. ఇది వ్యక్తిగత విషయం కాదు, వ్యవస్థకు సంబంధించిన విషయం. కాబట్టి ఇంకో ఉత్తర్వు వచ్చింది. 'వాహనము వెనుక భాగమున ఆసీనులైన వారికి భార పరిరక్షణ నిమిత్తము దినమునకు రెండేసి ఉడికించిన గుడ్లు ప్రయాణ మధ్యమున అందజేయవలెను.' గుడ్లు ఎక్కడివంటే, మా ఒళ్ళోవే. రోజూ పొద్దున్నే వాటిలో కొన్నిటిని ఆఫీసులోనే ఉడకబెట్టి విడిగా డబ్బాలో పెట్టేవారు.

నేను కూడా తిన్నాను. ఉప్పూ మిరియాలపొడీ నూకరాజు తెచ్చేవాడు. నాకు ప్రొబేషన్ పూర్తయింది.

పాలమెరక చేరేసరికి మిగిలేవి మా ఒడిలో ఓ మూలకి ఉండేవి. రత్నమేరి అట్ట అందుకుని, మా అయిదుగురి మొహాలూ ఒకసారి చూసి, లోపలికి వెళ్ళిపోయేది. దారం ఇప్పుడు గుడ్డును నాలుగు ముక్కలు చేస్తోందని తర్వాత తెలిసింది. నెలాఖరున పిల్లల్ని తూస్తే పాలమెరకలో చాలామంది ఎదుగుదల చార్టులో పచ్చగీత కిందకి దిగారు, కొందరు ఎర్రగీతలోకి జారారు. ఎందుకు జారారో సంజాయిషీ ఇవ్వమని మా ఆఫీసునుంచే రత్నమేరికి మెమో వెళ్ళింది. ఆ చిత్తు కూడా నా చేతిదే.

మెమో అందుకున్న మర్నాడు ఆమె సంజాయిషీ తీసుకొచ్చింది. కాగితం కాదు. పిల్లలందర్నీ నడిచే వంతెన మీదుగా నడిపించుకుని ఆఫీసుకు తెచ్చింది. వాళ్ళు ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని రైలుబండిలా వచ్చి, ధర్మాంగదరావు గారి గదిలో గోడవారగా నిలబడ్డారు.

"ఏమిటమ్మా ఇది?" అన్నారాయన.

"సంజాయిషీ అండి. బండి ఎనకాల బరువు కావాలన్నారంట కదండీ. బరువుకి కూకున్నోళ్ళకి రోజుకి రెండేసి గుడ్లంట కదండీ. మా పిల్లల్ని కూకోబెట్టండి. ఆళ్ళకి ఏ జీతాలూ ఒద్దండి, ఆ గుడ్లు చాలు."

భద్రాచలం గారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. ధర్మాంగదరావు గారు మాత్రం ఆ ప్రతిపాదనను కొట్టిపారేయలేదు. అదే ఆయన గొప్పతనం, ఆయన ఏ ప్రతిపాదననైనా నియమాల ప్రకారమే పరిశీలిస్తారు. పిల్లల్ని గోదాముకు తీసుకెళ్ళి కాటా మీద తూచమన్నారు.

ఒక్కొక్కర్నే నిలబెట్టాం. బియ్యం బస్తాలు తూచే కాటా అది. కొందరు ఎక్కితే ముల్లు కదిలిందో లేదో నేను వంగి చూడాల్సి వచ్చింది. ఒక పిల్లడు, తను బరువుగా ఉండాలని ఎవరో చెప్పినట్టున్నారు, రెండు బుగ్గల నిండా గాలి పీల్చి బిగబట్టుకుని నిలబడ్డాడు. ముల్లు ఆ గాలిని లెక్కలోకి తీసుకోలేదు.

వివరాలు చూసి ధర్మాంగదరావు గారు నిజమైన విచారంతో తలూపారు.

"అమ్మా, మీ సహకార భావం ప్రశంసనీయం. కానీ భార సిబ్బందికి కనీస బరువు నిర్దేశించబడింది. మీ పిల్లల్లో ఏ ఒక్కరూ అర్హత పొందలేదు. బరువు పెరిగిన పిమ్మట మరల తీసుకురావచ్చును."

"ఎలా పెరుగుతారండీ?" అంది రత్నమేరి.

"పోషకాహారం ఇవ్వాలమ్మా" అన్నారాయన, ఎంతో ఆప్యాయంగా. "రోజుకో గుడ్డు తప్పనిసరి."

రత్నమేరి పిల్లల్ని మళ్ళీ రైలుబండిలా కట్టి బయటికి నడిపించింది. అప్పటికే వ్యాన్ బయల్దేరే వేళయింది. మేం అయిదుగురం ఒళ్ళో అట్టలు పెట్టుకుని కూర్చున్నాం. వ్యాన్ గేటు దగ్గరికొచ్చి ఆగింది. ఉత్తర్వు ప్రకారం అట్టలు బల్లల మీద పెట్టి దిగాం. వ్యాన్ ఫలకం దాటి అవతల ఆగింది. రోడ్డు పక్కన పిల్లలు నిలబడి, ఆఫీసర్లు బండి దిగి నడవడాన్ని నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. బుగ్గల్లో గాలి నింపిన పిల్లడు ఇంకా నింపే ఉంచాడు.

నాకు సిగ్గేసింది. సర్వీసులో అలా సిగ్గేయడం నాకు అలవాటు లేదు.

భద్రాచలం గారు వ్యాన్ మెట్టు మీద కాలు పెట్టి, మళ్ళీ తీసేశారు.

"మోకాళ్ళు పట్టేశాయోయ్ కామేశం. ఇవాళ ఎక్కలేను."

"నాకూ పట్టేశాయండి" అన్నాన్నేను. మిగతా ముగ్గురికీ కూడా అదే సమయానికి పట్టేశాయి.

"మరి రూలండీ?" అన్నాడు నూకరాజు, తల బయటికి పెట్టి.

ఆ ఉత్తర్వు రాసింది నేను. దిగవలెనని రాశాను. మళ్ళీ ఎక్కవలెనని ఎక్కడా రాయలేదు. అందరికీ తెలిసిన విషయమే కదా అని వదిలేశాను. గుడ్ల ఉత్తర్వులోనూ వెనక కూర్చున్నవారికి అని రాశాను గాని, వారు ఎంత బరువుండాలో రాయలేదు. నా ఉద్యోగ జీవితంలో ఇంత చక్కటి ఉత్తర్వులు ఇంకెప్పుడూ రాయలేదు.

"రూలు ప్రకారమే నూకరాజూ" అన్నాను. "వెనక బల్లలు ఖాళీగా ఉన్నాయి. రత్నమేరి గార్నీ పిల్లల్నీ ఎక్కించుకో."

వాళ్ళెక్కారు. అట్టలు పిల్లల ఒళ్ళోకి వెళ్ళాయి. డబ్బా రత్నమేరి చేతికి వెళ్ళింది. వ్యాన్ కదిలి కాలవ మలుపు తిరుగుతుంటే వెనక చక్రం గోతిలో పడి ధడ్‌మంది. ఆ వెంటనే పిల్లల కేరింతలు వినబడ్డాయి.

మేం అయిదుగురం ఆఫీసులోకి వెళ్ళడానికి లేదు. రికార్డు ప్రకారం మేం వ్యాన్‌లో ఉన్నాం. అంచేత వ్యాన్ తిరిగొచ్చేదాకా టీకొట్టు బల్ల మీద కూర్చున్నాం.

ఇప్పుడు రోజూ అలాగే జరుగుతోంది. రత్నమేరి పొద్దున్నే పిల్లల్ని వంతెన దాటిస్తుంది. మాకు మోకాళ్ళు పట్టేస్తాయి. నూకరాజు దారిలో తక్కిన కేంద్రాలకు అట్టలు దింపుకుంటూ వెళుతున్నాడు. బల్లల మీద పిల్లలకు మాకంటే తక్కువ చోటు పడుతోంది గనక అట్టలు ఎక్కువ పడుతున్నాయని చెబుతున్నాడు.

"ధడ్‌మన్నప్పుడల్లా ఇంకోసారి గోతిలోంచి పోనియ్యమంటన్నారండి పిల్లలు. గుడ్లు మాత్రం కడుపులో పెట్టుకుని కాత్తన్నారండి."

పొడుగు షాకుల కాగితం ఇంకా జిల్లాలోనే ఉంది. పగిలిన గుడ్లు సున్నా గనక ధర్మాంగదరావు గారి భార సిబ్బంది పథకాన్ని ఆదర్శంగా ప్రకటించారు. తక్కిన ప్రాజెక్టులవాళ్ళు వచ్చి, మేం స్పీడ్ బ్రేకర్ దగ్గర దిగడం చూసి, రాసుకుని వెళుతున్నారు. మళ్ళీ ఎక్కడం చూడటానికి ఎవరూ ఆగరు, ఎందుకంటే లోపల భోజనాలు ఏర్పాటు చేసి ఉంటాయి.

పోయిన నెలాఖరుకు పాలమెరక పిల్లల్ని తూచారు. ముల్లు ఇప్పుడు వంగి చూడకుండానే కనబడుతోంది. నిన్న వాళ్ళు ఫలకం అవతల కాకుండా, ముచ్చటపడి గేటు లోపలే ఎక్కేశారు. నూకరాజు పోనిచ్చాడు. ఫలకం దాటుతుంటే చప్పుడేమీ రాలేదు. నేనూ భద్రాచలం గారూ చెవులు రిక్కించి విన్నాం.

"ఇంకా చాల్లేదోయ్" అన్నారాయన.

చాలాలి. రోజుకు రెండేసి తిననీ. ఏదో ఒకరోజు ఆ పిల్లల బరువుకు వ్యాన్ పొట్ట ఆ రాతికి తగిలి, కర్రుమని, మిగిలిన పేరు కూడా అరిగిపోవాలి. అది వినడానికే నేను రోజూ టీకొట్టు బల్ల మీద కూర్చుంటున్నాను.